ఫ్యాక్టరీ తెరిచిన మర్నాడు



తొలకరి జల్లు పడగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చుట్టుపక్కల చేలల్లో మనుషులు తల వంచుకుని నడుస్తూ కనిపిస్తారు. ఎక్కడెక్కడినుంచో వచ్చి గుడారాలు వేసుకుని, సద్దిమూటలు కట్టుకుని, పొద్దస్తమానం నేలను వెతుకుతారు. వానకు పైమట్టి కొట్టుకుపోయి వజ్రం తేలుతుందని ఆశ. అప్పుడప్పుడు ఎవరికో ఒకరికి దొరుకుతుంది కూడా. పేపర్లో వార్త వస్తుంది, వ్యాపారి బేరమాడి కొనుక్కుంటాడు, రాయి ఊరు దాటిపోతుంది. మన దేశంలో వజ్రాన్ని కోసి సానపట్టే పని ఎక్కువగా జరిగేది సూరత్‌లో. సూరత్ నేలలో వజ్రం పండదు. అయినా ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో సింహభాగం ఆ ఊరి చేతుల మీదుగానే పోతుంది, లక్షల కుటుంబాలు ఆ పని మీద బతుకుతున్నాయి.

ఇదెందుకు చెబుతున్నానంటే, రాయలసీమలో పరిశ్రమల మాట ఎత్తితే చాలు, మనమంతా ముందు ఖనిజాల చిట్టా చదువుతాం. మంగంపేటలో ముగ్గురాయి, బేతంచెర్లలో నాపరాయి, ఎర్రగుంట్ల నుంచి తాడిపత్రి దాకా సున్నపురాయి, చిత్తూరులో మామిడి, మదనపల్లెలో టమాటా, అనంతపురంలో చీనీ. చిట్టా నిజమే, తప్పు పట్టేదేమీ లేదు. కాకపోతే చిట్టా చూసి ఫ్యాక్టరీ రాదు. బొగ్గు, ఇనుము కాళ్ల కింద పెట్టుకున్న ఆనాటి బీహారు, ఒడిశాలకు ఇది బాగా తెలుసు. 1950లలో కేంద్రం రవాణా చార్జీల సమీకరణ విధానం తెచ్చింది. ఉక్కులాంటి సరుకు దేశంలో ఏ మూలకు తీసుకెళ్లినా ఒకటే ధరకు దొరికేలా చేసింది. దాంతో గని పక్కనే ఉండడం వల్ల వచ్చే ఒక్క లాభం, అంటే లారీ కిరాయి మిగలడం, అది కూడా పోయింది. యంత్రాల ఫ్యాక్టరీలు మార్కెట్లకూ ఓడరేవులకూ దగ్గరగా స్థిరపడ్డాయి. 1990లలో ఆ విధానం ఎత్తేశారు. పోయినవాళ్లు తిరిగి రాలేదు. అప్పటికే అక్కడ ఫిట్టర్లు, విడిభాగాల దుకాణాలు, అప్పులిచ్చేవాళ్లు, కొనేవాళ్లు అంతా కుదురుకున్నారు. పరిశ్రమకు నిజంగా కావలసింది ఆ కుదురే.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. కొత్త పరిశ్రమ పెట్టించడం మీద మనం చూపే శ్రద్ధలో సగం కూడా పెట్టిన పరిశ్రమ మొదటి మూడేళ్లు నిలబడడం మీద చూపడం లేదు. స్థలం ఇస్తాం, యంత్రాల మీద రాయితీ ఇస్తాం, రిబ్బను కత్తిరిస్తాం, ఫొటో దిగుతాం. పెళ్లి ఘనంగా చేసి కాపురం సంగతి వదిలేసినట్టుంది ఈ వ్యవహారం.

ముందు మంగంపేటకు వెళ్దాం. రైల్వే కోడూరు దగ్గర, ఓబులవారిపల్లె మండలం. ప్రపంచంలో ఒకే చోట ఉన్న ముగ్గురాయి, అంటే బరైటీస్, నిల్వల్లో అతి పెద్దవాటిలో ఇదొకటి. గని ప్రభుత్వానిది, ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వుతుంది. చేతిలోకి తీసుకుంటే ఇది మామూలు రాయి కాదని వెంటనే తెలుస్తుంది. చూడ్డానికి పిడికెడు, మోయడానికి మాత్రం చేయి కిందికి లాగుతుంది. ఆ బరువే దాని విలువ. చమురు బావి తవ్వేటప్పుడు లోపలి గ్యాసు ఒక్కసారిగా ఎగదన్నకుండా, బావిలోకి పంపే బురదనీటికి బరువు కలపాలి. అందుకు ఈ రాతిపొడి వాడతారు. అందుకే మంగంపేట రాయి, పొడి ఓడలెక్కి చమురు దేశాలకు పోతున్నాయి.

గని చుట్టూ పొడికొట్టే మిల్లులున్నాయి. రాయిని నలిపి, మెత్తగా పొడిచేసి, సంచుల్లో నింపి పంపుతారు. ఇదీ తయారీ పరిశ్రమే, కాదనను. కానీ ఆ మిల్లు బతుకు రెండు దారాల మీద వేలాడుతుంటుంది. ఒకటి గని ఇచ్చే రాయి ధర. రెండోది ఎక్కడో సముద్రం అవతల చమురు ధర. చమురు ధర పడితే కొత్త బావులు తవ్వరు. బావులు తవ్వకపోతే పొడి అక్కర్లేదు.

మిల్లు నడిపేవాడికి మూడో తలనొప్పి కూడా ఉంది, బయటివాళ్లకు అంతగా కనిపించదు. కొనేవాడు పొడి తీసుకునే ముందు పరీక్ష కాగితం అడుగుతాడు. పొడి నీటికంటే 4.2 రెట్లు బరువుందా అని చూస్తారు. సన్నటి మెడ ఉన్న గాజు సీసాలో గీత దాకా కిరోసిన్ పోసి, తూచిన పొడిని కొంచెం కొంచెంగా జార్చి, గాలిబుడగలు పోయేదాకా సీసాను మెల్లగా తిప్పి, కిరోసిన్ మట్టం ఎంత లేచిందో చదువుతారు. పరీక్ష అంతే. పెద్ద విద్యేమీ కాదు. కానీ ఆ అంకె కింద కొనేవాడు నమ్మే ప్రయోగశాల ముద్ర ఉండాలి. ముద్ర కోసం నమూనా ఏ దూరపు పట్నానికో పోయి, ఫలితం వచ్చేదాకా సరుకు గోదాములో కూర్చుంటే, ఆ రోజుల వడ్డీ కట్టేది చిన్న మిల్లే. పెద్ద ఎగుమతిదారుకు సొంత ల్యాబ్ ఉంటుంది. అందుకే చిన్న మిల్లు చివరికి పెద్దవాడికే సరుకు అమ్ముకుని, ఆయన చెప్పిన ధరకు తల ఊపుతుంది. గుర్తింపు ఉన్న ఉమ్మడి ల్యాబ్ ఒక్కటి మిల్లుల మధ్య ఉంటే, అది యంత్రాల మీద ఇచ్చే రాయితీకంటే ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం.

ఇక ముగ్గురాయి నుంచి పొడి దాటి ఇంకేం చేయొచ్చో చూద్దాం. బొగ్గుతో కలిపి కొలిమిలో బాగా కాలిస్తే బేరియం సల్ఫైడ్ అవుతుంది. దాన్నుంచి బేరియం కార్బొనేట్, క్లోరైడ్ తీస్తారు. టైల్సుకూ గాజుకూ కార్బొనేట్ కావాలి. ఇంకా తెల్లగా, శుద్ధంగా చేసిన పొడి రంగుల్లోకీ ప్లాస్టిక్‌లోకీ పోతుంది. బ్రేక్ లైనింగుల్లో కూడా బరైటీస్ పొడి కలుపుతారు. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ, కోడూరు దగ్గర ముగ్గురాయి, మధ్యలో బ్రేక్ లైనింగు చేసే చిన్న పరిశ్రమ ఎందుకు ఉండకూడదని ఎవరైనా కుర్రాడు అడిగితే ఆ ప్రశ్న సబబైనదే. జవాబు మాత్రం అంత సులువు కాదు. కార్ల కంపెనీ ఒక విడిభాగాన్ని ఒప్పుకోవాలంటే ఏళ్ల తరబడి పరీక్షలు చేస్తుంది. ఆ ఏళ్లలో జీతాలు ఇచ్చేదెవరు? మళ్లీ మొదటి మూడేళ్ల సంగతే.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పి తీరాలి. బేరియం రసాయనాల తయారీలో కుళ్లిన గుడ్డు వాసన వేసే విషవాయువు పుడుతుంది. నీటిలో కరిగే బేరియం లవణాలు మనిషికి విషం. చెరువు మీద, బోరు మీద బతికే ఊళ్ల పక్కన వ్యర్థజలాల శుద్ధి లేకుండా అలాంటి ఫ్యాక్టరీ పెడితే, లాభం ఒకరికీ రోగం ఊరందరికీ మిగులుతుంది. పరిశ్రమలను ప్రోత్సహించడమంటే కాలుష్య అనుమతుల దగ్గర కళ్లు మూసుకోవడం కాదు.

ఇప్పుడు బండల సంగతి. బేతంచెర్లలోనో తాడిపత్రిలోనో పాలిష్ యూనిట్‌లో ఒక గంట నిలబడండి. క్వారీ నుంచి వచ్చిన నాపబండను కటింగ్ మిషన్ మీద పెట్టి నాలుగంచులూ సరిచేస్తారు. తర్వాత పాలిష్ మిషన్ కిందికి తోస్తారు. గిర్రున తిరిగే చట్రం కింద సానరాళ్లు బిగించి ఉంటాయి. ముందు గరుకువి, తర్వాత మెత్తనివి, చివరికి ఇంకా మెత్తనివి. ఆగకుండా నీళ్లు పడుతూనే ఉండాలి. బూడిదరంగు నీళ్లు కాలవ వెంట గుంతలోకి పోతాయి. పనివాడు మధ్యమధ్యలో మిషన్ ఆపి, అరచేత్తో నీళ్లు తుడిచి, కాస్త వంగి బండను పక్కవాటుగా చూస్తాడు. మెరుపులో ఎక్కడన్నా మసక కనిపిస్తే మళ్లీ మిషన్ కిందికి. ఆ చూపు ఏ ఐటీఐ పుస్తకంలోనూ లేదు. ఒక్కో ఊళ్లో రెండు మూడు తరాల్లో తయారైన నైపుణ్యమది.

ఇంత పనితనం ఉన్నా యూనిట్లు ఎందుకు మూతపడుతుంటాయి? సరుకు పోక కాదు. పోయిన సరుకు డబ్బు రాక. బండలు లారీలో వేరే రాష్ట్రానికి పోతాయి, అక్కడి వ్యాపారి అరువు మీద దించుకుంటాడు. లెక్క కోసం నెలకు 10 లక్షల సరుకు అమ్మే యూనిట్ అనుకుందాం. కొనేవాడు మూడు నెలలకు డబ్బిస్తే, ఎప్పుడు చూసినా 30 లక్షలు బయట ఇరుక్కుని ఉంటాయి. అలాంటి యూనిట్‌కు బ్యాంకు రోజువారీ పెట్టుబడి, అదే వర్కింగ్ క్యాపిటల్, ఎలా లెక్కగడుతుంది? చిన్న పరిశ్రమలకు రిజర్వు బ్యాంకు పెట్టిన పాత లెక్క ఒకటుంది, నాయక్ కమిటీ లెక్క. ఏడాది అమ్మకాల్లో 20 శాతం బ్యాంకు ఇవ్వాలి, 5 శాతం యజమాని తెచ్చుకోవాలి. మన యూనిట్ అమ్మకం ఏడాదికి కోటీ 20 లక్షలు. బ్యాంకు 24 లక్షలు, యజమాని 6 లక్షలు, మొత్తం 30 లక్షలు. అంటే వచ్చిన డబ్బంతా కొనేవాడి అరువుకే సరిపోయింది. క్వారీవాడికీ, కూలీలకూ, కరెంటు బిల్లుకూ పైసా మిగల్లేదు. పైగా సరుకు పంపిన మరుసటి నెలలోనే జీఎస్టీ కట్టాలి, కొనేవాడు డబ్బిచ్చాడా లేదా అని ప్రభుత్వం అడగదు. అప్పుడు యజమాని నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు. ఆ వడ్డీ లాభాన్ని తినేస్తుంది, తర్వాత మిషన్‌ను తినేస్తుంది.

దీనికి చట్టం లేదా అంటే, ఉంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం ప్రకారం చిన్న పరిశ్రమ దగ్గర సరుకు తీసుకున్నవాడు 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ఫిర్యాదు చేయడానికి ప్రతి రాష్ట్రంలో ఒక మండలి ఉంది, 2017 నుంచి ఆన్‌లైన్‌లో కూడా ఇవ్వొచ్చు. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్నులో ఇంకో మెలిక కూడా పెట్టారు. గడువులోగా చెల్లించకపోతే, డబ్బు నిజంగా ఇచ్చేదాకా ఆ కొనుగోలును ఖర్చుగా చూపించుకోవడం కుదరదు. కాగితం మీద ఇంతకంటే గట్టిగా ఏం రాస్తారు? కానీ కొనేవాడి మీద ఫిర్యాదు చేస్తే రేపటి ఆర్డరు పోతుంది. ఆ భయం ముందు చట్టం నిలవడం లేదు. ఒక్కొక్కరూ విడిగా ఫిర్యాదు చేయకుండా, బేతంచెర్ల యూనిట్లన్నీ సంఘంగా కూడి, ఎగవేసే వ్యాపారికి ఏ యూనిట్ నుంచీ సరుకు పోదని ఒక మాట అనుకుంటే ఆ భయం సగం తగ్గుతుంది. సంఘాలు ఇప్పుడు ఎక్కువగా కరెంటు రేటు కోసం, క్వారీ రుసుము కోసం ప్రభుత్వంతో పోట్లాడుతున్నాయి. అదీ కావాలి, ఇదీ కావాలి.

ఆ బూడిదరంగు నీళ్ల మాట చెప్పాను కదా. గుంత ఆరాక మిగిలేది మెత్తటి సున్నపురాతి పొడి. దాన్ని తీసుకెళ్లి రోడ్డు పక్క పోసేస్తారు, ఎండాకాలం గాలికి లేచి చెట్ల మీదా ఇళ్ల మీదా పడుతుంది. ఇంకోపక్క ముద్దనూరు దగ్గర థర్మల్ కేంద్రం బూడిద ఉంది. ఇటుకలు చేసేవాళ్లు బూడిదను వాడుతున్నారు. రాతిపొడిని కూడా ఇటుకల్లో, టైల్సులో కలపొచ్చు. కొత్తగా పరిశ్రమ పెట్టాలనుకునే కుర్రాడికి నేను గనికంటే ముందు ఈ రాతిపొడి గుట్టల్నే చూపిస్తాను. ముడిసరుకు ఉచితం, పైగా ఎత్తుకుపోతే సంతోషిస్తారు.

చిత్తూరు మామిడి గుజ్జు కథ వేరు, అక్కడ చిక్కు కాలంతో. తోతాపురి కాయ జూన్, జూలై నెలల్లో ఒక్కసారిగా దిగుతుంది. ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్లు వరసకట్టి, టోకెన్ల కోసం రైతులు రాత్రిళ్లు లోడు మీదే పడుకుంటారు. రెండు మూడు నెలల్లో ఏడాది ముడిసరుకంతా కొని, గుజ్జు తీసి, పీపాల్లో నింపి, ఆ తర్వాత ఏడాది పొడుగునా అమ్ముకోవాలి. కూల్‌డ్రింకు కంపెనీ కొనకపోతే, విదేశీ ఆర్డరు ఆగిపోతే, పీపాలు అలాగే ఉండిపోతాయి. వచ్చే సీజన్‌కు ఫ్యాక్టరీ చేతిలో డబ్బుండదు, రైతు కాయకు ధర ఉండదు. 2025లో అదే జరిగింది. కంపెనీలు కిలోకు 8 రూపాయలిచ్చి కొనాలని, తాను 4 రూపాయలు కలుపుతానని ప్రభుత్వం ముందుకు రావలసి వచ్చింది. ఆ ఏడాదికి అది మందే. కానీ బాయిలరు మిగతా తొమ్మిది నెలలు చల్లగా పడి ఉంటే ఏ మందూ పనిచేయదు. అదే యంత్రాల మీద జామ, బొప్పాయి, టమాటా గుజ్జు తీయొచ్చు. కొన్ని ఫ్యాక్టరీలు తీస్తున్నాయి కూడా. కొత్తగా పండ్ల ఫ్యాక్టరీకి రాయితీ ఇచ్చేటప్పుడు ఏడాదిలో ఎన్ని నెలలు నడుపుతావని ఎవరైనా అడుగుతున్నారా?

టమాటా అంటారా, అది ఇంకా మొండిది. 2023 జూలై ఆఖరులో మదనపల్లె మార్కెట్లో కిలో 200 రూపాయల దరిదాపుకు పోయింది. కోత కూలి కూడా రాక రోడ్డు మీద పారబోసిన రోజులు అంతకుముందూ ఉన్నాయి, తర్వాతా వచ్చాయి. ఈ ఊగులాటలో ఏ ఫ్యాక్టరీ రైతుతో ఒప్పందం చేసుకుని నిలబడగలదు? ఇంకో సంగతి, మన మండీకి వచ్చే కాయ కూరకు పెంచింది. గట్టి కాయ, దూరం పోతుంది, అందులో నీరెక్కువ. చిక్కటి గుజ్జుకు వేరే రకాలు కావాలి. ఫ్యాక్టరీ కంటే ముందు విత్తనం మారాలి.

పెద్ద ఫ్యాక్టరీల గురించి ఒక మాట. 2017లో ఒప్పందం కుదిరి, 2019కల్లా పెనుకొండ మండలం ఎర్రమంచిలో కియా కార్లు బయటికొచ్చాయి. ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో కట్టారు. సీమలో ఇంత పెద్ద యంత్రాల పరిశ్రమ ఇంత త్వరగా నిలబడుతుందని పదేళ్ల ముందు చెబితే నవ్వేవాళ్లు. ఇంకోవైపు జమ్మలమడుగు ప్రాంతంలో ఉక్కు ఫ్యాక్టరీకి 2007, 2018, 2019, 2023లలో నాలుగుసార్లు శంకుస్థాపన జరిగింది. శిలాఫలకాలు చెక్కినవాళ్లకు మాత్రం పని దొరికింది. నేను పెద్ద పరిశ్రమకు వ్యతిరేకిని కాను. ఉక్కు కోసం ఎదురుచూస్తూ ఒక తరం కుర్రాళ్లు బెంగళూరుకూ గల్ఫ్‌కూ వెళ్లిపోయారన్నదే నా బాధ. కియా వెంట విడిభాగాల కంపెనీలు కూడా ఎక్కువగా కొరియా నుంచే వచ్చాయి. వాటికి చెక్క పెట్టెలు, ఇనుప స్టాండ్లు, జిగ్గులు, ఫిక్చర్లు రోజూ కావాలి. ఆ పని హిందూపురం, అనంతపురం లేతు షాపులకు వస్తే అక్కడి నుంచే రేపటి పరిశ్రమ పుడుతుంది. 2024 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన పారిశ్రామిక నగరాల్లో కడప దగ్గర కొప్పర్తి, కర్నూలు దగ్గర ఓర్వకల్లు ఉన్నాయి. రోడ్లు, కరెంటు, నీళ్లు వస్తాయి, సంతోషమే. అందులో లేతు షాపు పెట్టేవాడికి ఎకరం అక్కర్లేదు. అద్దెకు ఒక షెడ్డు చాలు. కట్టిన షెడ్లు అద్దెకు ఎన్ని ఇస్తారో, రేపటి సంగతి అందులో తెలుస్తుంది.

మొదటి ఆర్డరు ఎవరిస్తారన్నది ఇంకో పెద్ద అడ్డంకి. కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి తీసుకోవాలని 2018 నుంచి నియమం ఉంది. అందులో ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికులకు 4 శాతం, మహిళలకు 3 శాతం. ఈ సంగతి తెలిసిన మన చిన్న పరిశ్రమలు చాలా తక్కువ.

చివరగా, పరిశ్రమ పెట్టాలని మనసులో ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ రెండు మాటలు. కొటేషన్ తెచ్చుకునే ముందు, మీరు పెట్టదలచిన పరిశ్రమలోనే ఎక్కడైనా ఒక సీజన్ జీతానికి పనిచేయండి. మిషన్ ఎలా తిరుగుతుందో కంటే డబ్బు ఎలా తిరుగుతుందో చూడండి. తర్వాత జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లండి, మీ పరిశ్రమకు ఏ పథకం వర్తిస్తుందో కనుక్కోండి. బ్యాంకుకు వెళ్లినప్పుడు చాలామంది షెడ్డుకూ మిషన్‌కూ అప్పు అడిగి, అది మంజూరు కాగానే సంబరపడి వచ్చేస్తారు. అలా రావద్దు. అదే దరఖాస్తులో వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ కూడా అడగండి. కొనేవాళ్లు ఎన్నాళ్లకు డబ్బిస్తారో నిజం రాయండి, తక్కువ చేసి రాస్తే తర్వాత చిక్కు మీకే. పూచీకత్తు ఆస్తి లేదంటే, క్రెడిట్ గ్యారంటీ ట్రస్టు కింద ఇవ్వొచ్చు కదా అని మర్యాదగా అడగండి. 2000 సంవత్సరం నుంచి ఆ ఏర్పాటు ఉంది. ఆ హామీ మీకు కాదు, బ్యాంకుకు. మీరు బాకీ కట్టక తప్పదు. మేనేజరుగారు కుదరదంటే కారణం కాగితం మీద రాసి ఇమ్మనండి. ఆ కాగితం పట్టుకుని పక్క బ్యాంకు మెట్లెక్కండి.